సీ డ్రైవ్ నిండిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ అండీ, సీ డ్రైవ్ ఎర్రగా చూపిస్తోంది. హిడెన్ ఫైల్స్ చూస్తే పేజ్‌ఫైల్ 12 జీబీ, హైబర్‌ఫిల్ 6 జీబీ ఉన్నాయి. డిలీట్ కొట్టేయొచ్చా?

జవాబు: డిలీట్ కొట్టినా పోవండీ, విండోస్ వాటిని వాడుతూనే ఉంటుంది. హైబర్‌ఫిల్ అంటే హైబర్నేట్ చేసినప్పుడు, అంటే తెరిచినవన్నీ అలాగే ఉంచి ల్యాప్‌టాప్ ఆఫ్ చేసినప్పుడు, ర్యామ్‌లో ఉన్నది దాచుకునే ఫైల్, మీరు హైబర్నేట్ వాడకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేసి పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి, ఆ 6 జీబీ అప్పటికప్పుడే ఖాళీ అవుతుంది, కాకపోతే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది కాబట్టి ఆన్ అవడానికి కాస్త టైమ్ పట్టొచ్చు. పేజ్‌ఫైల్ అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్, దాన్ని మాత్రం పూర్తిగా తీసేయకండి ప్లీజ్, ర్యామ్ నిండిందంటే ప్రోగ్రామ్‌లు క్లోజైపోయి సేవ్ చేయని పనంతా పోతుంది. డీ డ్రైవ్‌లో చోటుంటే వర్చువల్ మెమరీ సెట్టింగ్స్‌లో దాన్ని అక్కడికి మార్చి రీస్టార్ట్ చేయండి.