పిన్నిగారిని అడగండి: రెండు నవంబరు 30లు

పోయిన నెల మాటల సందర్భంలో అమెరికాలో ఆడే కాలేజీ ఫుట్‌బాల్ గురించి రెండు ముక్కలు రాశాను. తేనెతుట్టె కదిపినట్టయింది. ఉప్మా గట్టిపడుతోందనీ, కోడలు మాట్లాడటం లేదనీ రాసినవాళ్ళు వచ్చే నెలదాకా ఆగాలి. ఈసారి అన్నీ బంతి ఉత్తరాలే.

ప్ర: పిన్నిగారూ, మా అమ్మాయి అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ యూనివర్సిటీలో ఎం.ఎస్.లో చేరింది. శనివారం ఫోన్ చేస్తే ఎత్తదు. ఎత్తితే "మ్యాచ్‌లో ఉన్నానమ్మా" అని పెట్టేస్తుంది. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అనడమేమిటో! చదువుకోడానికి పంపితే ఇదేం పిచ్చి? (ఒక తల్లి, కూకట్‌పల్లి)

జ: పిచ్చే తల్లీ, కాదనను. ఊళ్ళో ఉన్న జనం కంటే స్టేడియంలో కుర్చీలు ఎక్కువ ఉన్న ఊరు మాది. 87,000 మందికి పైగా పడతారు. ఆట ఉన్న శనివారం పాలపాకెట్ కొనాలన్నా పొద్దున్నే లేచి వెళ్ళాలి.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను, తర్వాతి ఉత్తరాలకి పనికొస్తుంది. మైదానం 100 గజాలు. మీరు ప్లాటు కొలిచే గజమే. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. అక్కడిదాకా వెళ్ళలేమనుకుంటే దూరం నుంచే కాలితో తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి పంపొచ్చు, దానికి 3. తన్నిన బంతి స్తంభాల దాకా చేరక మైదానంలోనే పడబోతే, అవతలివాడు పట్టుకుని ఎదురు పరిగెత్తొచ్చు. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకో. ముప్ఫై ఏళ్ళు ఈ ఆట చూసినవాళ్ళు కూడా ఒకరోజున దీన్ని మర్చిపోయారు.

పేరులో కాలున్నా ఆటంతా చేతుల్తోనే. నా కథలో మాత్రం రెండు కాలి దెబ్బలే ముఖ్యం. అమ్మాయికి ఆదివారం ఫోన్ చెయ్యి.

ప్ర: మీరు ఆబర్న్ ఆటగాడు బో జాక్సన్‌ని చూశారట కదా! నిజమేనా? మా మామగారు ఆ పేరు చెబితే ఇప్పటికీ లేచి కూర్చుంటారు. (అలబామాలోని బర్మింగ్‌హామ్ నుంచి ఒక కోడలు)

జ: ముందు విన్నానమ్మా, తర్వాత చూశాను. 1985 ఆగస్టులో తెనాలి నుంచి ఆబర్న్‌లో దిగాను. మీ బాబాయిగారు పీహెచ్‌డీ చేస్తున్నారు. వచ్చి మూడు వారాలు కాలేదు, ఒక శనివారం బియ్యం ఏరుతుంటే కిటికీ అద్దాలు అదిరాయి. ఏ గ్యాసు సిలిండరో పేలిందనుకున్నాను. కాసేపటికి మళ్ళీ. పై వాటాలో ఉండే పెద్దావిడ మెట్లమీద నుంచి వంగి "బో!" అంది. ఏమిటో అర్థం కాక నేనూ "బో" అన్నాను. ఆవిడకి నేనంటే ఇష్టం పుట్టింది అప్పుడే. ఆ సీజన్ మొదటి ఆటలో అతను ఒక్కడే 290 గజాలు పరిగెత్తాడు.

అసలు పేరు విన్సెంట్ ఎడ్వర్డ్. మీ బర్మింగ్‌హామ్ పక్కన బెస్సిమర్‌లో పుట్టాడు, పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. చిన్నప్పుడు అడవిపందిలా మొండిగా ఉంటాడని ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరే "బో" అయింది. తర్వాతి నెలలో మాకు రెండు టిక్కెట్లు దొరికాయి. మామూలు ఆటగాడు మనిషి అడ్డొస్తే పక్కకి తప్పుకుంటాడు. ఇతను తప్పుకునేవాడు, అవసరం లేదనిపిస్తే తప్పుకోకుండా మీంచి పోయేవాడు. ఆ సంవత్సరం 1,786 గజాలు పరిగెత్తి, ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాడికి ఓట్లతో ఇచ్చే హైస్మన్ ట్రోఫీ తెచ్చుకున్నాడు. అదీ అయోవా కుర్రాడు చక్ లాంగ్ మీద ఓట్లలో 45 పాయింట్ల తేడాతో, అంటే అంచుమీద గట్టెక్కినట్టే. ఆ తర్వాత బేస్‌బాల్‌లోనూ పేరు తెచ్చుకున్నాడు. ఒక మనిషికి రెండు ఆటలా అని మా అమ్మ ఉత్తరంలో అడిగితే, మన ఊళ్ళో హరికథ చెప్పినాయనే నాటకంలో కృష్ణుడు వెయ్యలేదా అని రాశాను.

కానీ మీ మామగారు లేచి కూర్చునేది 1985 నవంబరు 30 గుర్తొచ్చి అయ్యుంటుంది. ఆయన అలబామా యూనివర్సిటీ పక్షమైతే నవ్వుతూ, మా పక్షమైతే పళ్ళు కొరుకుతూ. అలబామాకీ ఆబర్న్‌కీ ఏటా జరిగే ఆటని ఐరన్ బౌల్ అంటారు, బర్మింగ్‌హామ్ ఇనుము ఉక్కు ఊరు కనక. ఆ రోజుల్లో రెండు జట్లూ అక్కడి లీజియన్ ఫీల్డ్‌లోనే ఆడేవి. పై వాటా పెద్దావిడ టీవీ గొంతు నొక్కేసి, బొమ్మ టీవీలో, మాట రేడియోలో పెట్టుకునేది. ఇక్కడ చాలామంది అంతే. మన రేడియో వ్యాఖ్యాత మనవాడు, టీవీవాడు అందరివాడూ. అప్పట్లో ఆబర్న్‌కి జిమ్ ఫైఫ్ గొంతు.

నిమిషం కూడా లేదు, మేము 23, వాళ్ళు 22. నేను కిందకి పరిగెత్తి పొయ్యి మీద పప్పుచారు దించి మళ్ళీ పైకి వచ్చేసరికి వాళ్ళు సగం మైదానం దాటేశారు. గడియారం ఆపుకోడానికి వాళ్ళ దగ్గర టైమౌట్లు లేవు. వాన్ టిఫిన్ అనే కుర్రాడు పరుగున వచ్చి 52 గజాల నుంచి తన్నాడు. బంతి గాల్లో ఉండగానే ఆట టైము అయిపోయింది. వాళ్ళకి 25.

పెద్దావిడ ఒక్క మాట అనలేదు. రేడియో కట్టేసింది. నా వెనకే కిందకి వచ్చి, మా టేబుల్ దగ్గర కూర్చుని, పప్పుచారన్నం రెండుసార్లు పెట్టించుకుని తినేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరైనా గోల్‌కి తన్నబోతే కళ్ళు మూసుకుంటాను.

ప్ర: పిన్నిగారూ, మేము ఆబర్న్‌లో 2015లో చేరినవాళ్ళం, రెండేళ్ళ ఆలస్యం. "కిక్ సిక్స్" స్టేడియంలో చూసినవాళ్ళు చెబుతుంటే కుళ్ళుకుంటాం. మీరు ఆ రోజు అక్కడే ఉన్నారని విన్నాం. ఉన్నదున్నట్టు చెప్పండి. (నలుగురు రూమ్మేట్లు, ఇప్పుడు అట్లాంటా)

జ: ఉన్నదున్నట్టు అన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇన్నేళ్ళూ ఉన్నదున్నట్టు చెప్పలేదు.

2013. తేదీ చూడండి, మళ్ళీ నవంబరు 30. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత అదే రోజు, ఈసారి మా ఊళ్ళో, జోర్డాన్-హేర్ స్టేడియంలో. అలబామా దేశంలో నంబరు 1, మేము నంబరు 4. రెండు వారాల ముందే జార్జియా మీద ఒక మాయ జరిగింది. నాలుగో ప్రయత్నం, కావలసింది 18 గజాలు, మా నిక్ మార్షల్ విసిరిన బంతి జార్జియావాళ్ళ చేతులకే తగిలి ఎగిరి మావాడే రికార్డో లూయీ ఒళ్ళో పడింది, 73 గజాల టచ్‌డౌన్. ఒక సీజన్‌కి ఒక మాయ చాలు, ఇక రాదనుకుని వెళ్ళాం. వెనక వరుసవాళ్ళకి నేను తెచ్చిన పులిహోర పంచిపెట్టాను.

32 సెకన్లుండగా స్కోరు 28-28 అయింది. వాళ్ళ కుర్రాడు యెల్డన్ బంతితో గీత బయటకి పోయేసరికి గడియారంలో సున్నా. సరే, అదనపు ఆట అనుకున్నాం. వాళ్ళ కోచ్ నిక్ సేబన్ ఒక సెకను మిగిలిందని పట్టుబట్టాడు. రీప్లే చూసి ఆ సెకను ఇచ్చారు. ఇవ్వకపోతేనే బాగుండేది, ఎవరికో తర్వాత చూద్దాం! అంతకుముందు వాళ్ళ మామూలు కిక్కర్ వరసగా గురి తప్పాడు కనక, ఆడమ్ గ్రిఫిత్ అనే కొత్త కుర్రాణ్ణి దింపారు. దూరం 57 గజాలు. మావాళ్ళు క్రిస్ డేవిస్‌ని వెనక్కి పంపి స్తంభాల కింద నిలబెట్టారు.

నేను కళ్ళు మూసుకున్నాను.

కాలు బంతికి తగిలిన చప్పుడు అంత దూరం వినిపించదు గానీ జనం ఊపిరి బిగబట్టింది వినిపించింది. ఆ తర్వాత, అయ్యో తగ్గిందే అన్నట్టు ఒక మూలుగు. తర్వాత ఒక చిత్రమైన గోల. గెలిచినప్పటి గోల కాదు, రైలు వస్తోందని ఎవరో అరిస్తే ప్లాట్‌ఫాం అంతా కదిలినట్టు. మీ బాబాయిగారు నా భుజం పట్టుకుని కుదిపారు. కళ్ళు తెరిచేసరికి డేవిస్ సగం గీత దగ్గర, ఎడమ అంచున, బయట కాలు పడుతుందేమో అన్నంత ఒరుసుకుంటూ పోతున్నాడు. అతని ముందు మావాళ్ళే. అలబామావైపు ఉన్నదెవరు? గోల్‌కి తన్నేటప్పుడు అడ్డుగోడగా నిలబెట్టే భారీ మనుషులు. పరిగెత్తేవాళ్ళని వెంటాడటం వాళ్ళ పని కాదు. ఒక సెకను అడిగి తెచ్చుకున్నవాళ్ళు, బంతి తక్కువ పడితే వెంటాడేదెవరని ఆలోచించుకోలేదు. డేవిస్ చివరి గీత దాటేశాడు, వాళ్ళ కిక్ మాకు 6 పాయింట్లయింది, అందుకే "కిక్ సిక్స్". 34-28.

అంటే అభిమానులు చెప్పే 109 గజాల్లో నేను చూసింది సగమే. రికార్డు పుస్తకంలో మాత్రం 100 అనే ఉంటుంది, కాలేజీ లెక్కల్లో చివరి గీత వెనక పరిగెత్తింది కలపరు. మిగతా సగం నాకు ఎక్కడిదో ఈ మధ్యనే తెలిసింది. ఎవరికి చెప్పినా నా జ్ఞాపకంలో డేవిస్ పరుగుతో పాటు రేడియో వ్యాఖ్యాత రాడ్ బ్రాంబ్లెట్ గొంతు చించుకున్న అరుపు కూడా వినిపిస్తుంది. ఒకరోజు మనవడు అడిగాడు, "అమ్మమ్మా, స్టేడియంలో నీ దగ్గర రేడియో ఉందా?" లేదు. ఆ గొంతు తర్వాత వందసార్లు విన్నది. దానితో పాటే మొదటి సగం పరుగూ నా కళ్ళలోకి వచ్చి కూర్చుంది. బ్రాంబ్లెట్, ఆయన భార్య 2019లో కారు ప్రమాదంలో పోయారు. ఆ వారమంతా ఊళ్ళో ఎక్కడికెళ్ళినా ఆ అరుపే వేసుకుని వింటున్నారు.

ఆట అయ్యాక ఊళ్ళో కూడలి, టూమర్స్ కార్నర్‌కి వెళ్ళాం. గెలిస్తే అక్కడి చెట్ల మీద టాయిలెట్ పేపర్ చుట్టలు విసరడం ఊరి ఆచారం. మొదట్లో నాకు రోతగా ఉండేది, ఇప్పుడు చుట్టలు నేనే డజను కొంటాను. అక్కడి పాత ఓక్ చెట్లు రెండూ ఆ ఏడాది ఏప్రిల్‌కే కొట్టేశారు. 2010లో మేము 24-0 వెనకపడి 28-27తో గెలిచిన ఆట తర్వాత, అవతలి పక్షం వీరాభిమాని ఒకడు వాటికి మందు పోశాడు. చెట్లు లేవని తీగలు కట్టి ఉంచారు. వాటి మీదే విసిరాం, పెళ్ళి పందిరికి కాగితాలు వేలాడదీసినట్టు. ఆ తొక్కిసలాటలోనే మీ బాబాయిగారి కళ్ళజోడు పోయింది.

ప్ర: టెక్సస్ అభిమానిగా రాస్తున్నాను. 2006 జనవరి 4, రోజ్ బౌల్ ఆట. మా విన్స్ యంగ్ చివరి సెకనులో మూలకి పరిగెత్తి లాస్ ఏంజిల్స్ యూనివర్సిటీ జట్టు యూ.ఎస్.సి.ని ఓడించాడు. అంతకన్నా గొప్ప క్షణం ఉంటే చూపించండి! (ఆస్టిన్)

జ: గొప్పదే బాబూ, కాకపోతే చివరి సెకను కాదు, ఇంకా 19 సెకన్లున్నాయి. నాలుగో ప్రయత్నం, 5 గజాలు కావాలి, విసరడానికి ఎవరూ దొరక్క తనే కుడి మూలకి పోయాడు. 41-38. వరసగా 34 ఆటలు గెలిచిన జట్టుని ఆపాడు. ఆ రోజు 200 గజాలు పరిగెత్తి, 267 గజాలు విసిరాడు. ఆ 19 సెకన్లు మీరు ఎలా బతికారో మర్చిపోయుంటారు, ఆనందంలో గడియారం కనపడదు. అదే ఆటలో అంతకుముందు అతను బంతి పక్కవాడికి ఇచ్చేసరికే మోకాలు నేలకి తగిలింది, దాని మీదే టచ్‌డౌన్ ఇచ్చారు. లాస్ ఏంజిల్స్‌లో మా మరిది ఆ మోకాలు ఒక్కటే గుర్తుపెట్టుకున్నాడు.

ప్ర: మావారు స్టాన్‌ఫర్డ్, అబ్బాయి బర్క్‌లీ. 1982 ఆట గురించి ఇంట్లో రోజూ గొడవ, ఇద్దరిలో ఒక్కరూ అప్పుడక్కడ లేరు! ఎవరిది న్యాయం? (ఫ్రీమాంట్)

జ: న్యాయం చెప్పి మీ ఇంట్లో అన్నం ముట్టకుండా చెయ్యను. నవంబరు 20, నాలుగు సెకన్లు మిగిలాయి, స్టాన్‌ఫర్డ్ 20, కాల్ (మీ అబ్బాయి బర్క్‌లీయే) 19. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న జాన్ ఎల్వే స్టాన్‌ఫర్డ్‌కి ఆడిన ఆఖరి ఆట. కాల్‌వాళ్ళు బంతిని ఐదుసార్లు చేతులు మార్చారు. ఆట అయిపోయిందనుకుని స్టాన్‌ఫర్డ్ బ్యాండు మేళం మైదానంలోకి వచ్చేసింది. కెవిన్ మోయెన్ ఆ మేళం మధ్య నుంచే గీత దాటి, ట్రాంబోన్ వాయించే గ్యారీ టిరెల్‌ని గుద్ది పడేశాడు. 25-20. నాకు ఎప్పుడూ ఆ ట్రాంబోన్ అబ్బాయి మీదే జాలి. పందిట్లో సన్నాయి ఊదేవాడి మీదకి ఆంబోతు వచ్చినట్టు!

రెండు కాలేజీలకీ గెలుపు గుర్తుగా ఒక గొడ్డలి ఉంది. దాని మీద అన్ని ఏళ్ళ స్కోర్లూ ఉంటాయి. అది స్టాన్‌ఫర్డ్ చేతికొస్తే 1982 స్కోరు 20-19 అని మారుస్తారు, కాల్‌కి వెళ్తే మళ్ళీ 25-20. మీవారికీ అబ్బాయికీ ఏడాది చొప్పున వంతులు పెట్టండి.

ప్ర: 2015 అక్టోబరు 17, మిషిగన్. పంట్ చెయ్యబోయి (బంతిని దూరంగా తన్నేయబోయి) మావాళ్ళు బంతి జారవిడిచారు, మిషిగన్ స్టేట్ 27-23. మాట్లాడాలని లేదు. (యాన్ ఆర్బర్)

జ: మాట్లాడొద్దు నాయనా. గెలిపించిన కుర్రాడు వాట్స్-జాక్సన్ కూడా ఆ పరుగు చివర తుంటి విరగ్గొట్టుకుని ఆస్పత్రికి పోయాడు. పప్పుచారన్నం తిని పడుకో.

ప్ర: పిన్నిగారూ, ఎప్పుడూ మీ మాటేనా? ఆ రోజు పక్కనే ఉన్న బాబాయిగారేమంటారు? (విశాఖపట్నం)

జ: ఈ కాయితాలు చదివి వినిపించాను. ఆయన కథ వేరు. నేను కళ్ళు మూసుకోలేదట. గోళ్ళు దిగేలా ఆయన మణికట్టు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తూ "పట్టుకున్నాడండీ, వాడు పట్టుకున్నాడండీ" అని తెలుగులో అరిచింది నేనేనట. ఆ క్షణంలో కళ్ళజోడు కిందపడి, కుర్చీ కింద వెతుక్కుంటూ పరుగు చూడలేకపోయింది ఆయనట. టూమర్స్ కార్నర్ దాకా కళ్ళజోడు లేకుండానే వచ్చారట.

సోమవారం పొద్దున్నే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళిన మాట మాత్రం ఇద్దరికీ గుర్తుంది.