అల్లుడూ, పెట్టె కంటే ముందు సిమ్ కార్డు చూసుకో

కోరుట్ల

అల్లుడూ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "మామా, మళ్ళీ కరోనా లాంటిదే ఒకటి వచ్చి నేను రియాద్‌లో ఇరుక్కుంటే ఎట్లా?" అని. మీ అత్త పక్కన ఉండేసరికి ఏదో నవ్వుతాలుగా చెప్పి పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. 22 ఏళ్ళు సౌదీలో ఉన్నాను, ఆ రోగం రోజులు రెండు వైపులా చూశాను. 2020లో అక్కడ ఇరుక్కున్నాను, 2021లో ఇక్కడ ఇరుక్కున్నాను. ఒక్క మాట చెప్పాలంటే, నన్ను రోగం అంతగా ఏడిపించలేదురా, తారీఖులూ కాగితాలే ఏడిపించాయి.

ముందు నా కథే విను. 2021 జనవరిలో పెద్దదాని పెళ్ళికని రెండు నెలల చుట్టీ (సెలవు) మీద వచ్చాను. పెళ్ళయింది, సంతోషం. ఫిబ్రవరి 3 నుంచి సౌదీ వాళ్ళు 20 దేశాల మీద తలుపేశారు, అందులో మనది ఒకటి. అప్పటికి నాకు టెన్షన్ లేదు. నెలలో తెరుస్తారులే అనుకున్నాను. మీ అత్త సంబరం చూడాలి, ఇంకో నెల ఉంటానని! ఆ నెల పదకొండు నెలలైంది.

నేను చేసిన తప్పు చాలా చిన్నది. సౌదీ సిమ్‌ను తీసి పర్సులో పెట్టి, రీచార్జి సంగతి మరిచిపోయాను. మనకు ఇక్కడ దానితో ఏం పని అనుకున్నాను. ఇకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) గడువు, రీ-ఎంట్రీ (చుట్టీ నుంచి తిరిగి పోయే అనుమతి) గడువు చూసుకుందామని సౌదీ ప్రభుత్వ యాప్ అబ్షర్ తెరిస్తే ఓటీపీ పంపామంటుంది. ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. ఆ నంబరేమో చచ్చిపోయి ఉంది. కొత్త సిమ్ కావాలంటే అక్కడికి పోయి వేలిముద్ర పెట్టాలి. అక్కడికి పోవాలంటే ఇకామా సరిగ్గా ఉందో లేదో తెలియాలి. ఇక్కడ మన బావి గట్టు మీద కూర్చుని ఆ ఫోన్ వంక ఎన్ని పొద్దులు చూశానో. సౌదీ ప్రభుత్వం ఇరుక్కున్నవాళ్ళ ఇకామాలు, రీ-ఎంట్రీలు తనే పొడిగిస్తూ వచ్చింది, ఆ మాట నిజమే. కానీ నాది పొడిగించారా లేదా అని చూసుకునే దారి నాకు లేకపోయింది. కంపెనీ ఆఫీసులో ఉన్న కేరళ పిల్లగాడొకడు జాలిపడి చూసి, వాట్సాప్‌లో ఫోటో పెట్టేదాకా అన్నం సయించలేదు. అందుకని నువ్వు చుట్టీకి వచ్చే ముందు సౌదీ సిమ్‌కు రోమింగ్ పెట్టించుకో, సరిపోను బ్యాలెన్స్ వేసుకో, ఇక్కడ ఉన్నన్నాళ్ళు వారానికోసారి ఫోన్లో వేసి బతికే ఉందా చూడు. పెట్టెలో ఏం సర్దాలో తర్వాత.

ఆ పదకొండు నెలల్లో మా క్యాంపు వాళ్ళు తొందరపడి వేరే దేశాల మీదుగా పోయారు. మాల్దీవుల్లోనో, నేపాల్‌లోనో 14 రోజులు ఉంటే అటునుంచి సౌదీ రానిచ్చేవాళ్ళు. ఏజెంట్లు ప్యాకేజీలు అమ్మారు. మెట్‌పల్లి వైపు పిల్లలు ఇద్దరు అప్పు చేసి ఖాట్మండు పోయారు. 2021 ఏప్రిల్ చివర్లో నేపాల్ అట్లా వెళ్ళేవాళ్ళను ఆపేసింది. ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు, హోటల్ బిల్లు మాత్రం రోజూ. నాకు చెప్పుడు రాదు గానీ, ఇంకో దేశంలో ఆగిపోయే దారి ఎవరైనా చూపిస్తే, ఆ దేశం కూడా ఒక రాత్రిలో తలుపేస్తే ఏం చేస్తావో ముందు లెక్కేసుకో. చేతిలో తిరిగొచ్చే డబ్బు లేకుండా అట్లాంటి దారి పట్టకు. వాళ్ళకంటే నేను తెలివైనవాణ్ణేం కాదు, నా దగ్గర డబ్బులు లేక ఆగిపోయాను, అంతే.

డిసెంబర్ 1 నుంచి మనవాళ్ళను నేరుగా రానిస్తామన్నారు. అప్పుడు రెండో చిక్కు బయటపడింది. నా టీకా సర్టిఫికెట్ ఆధార్‌తో తీసింది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. మనకు అది తేడానే కాదు, ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు. కౌంటర్లో ఉన్న అమ్మాయికి మాత్రం అవి ఇద్దరు మనుషుల పేర్లు. అదృష్టం, నేను ముందే చూసుకుని టీకా వెబ్‌సైట్ కోవిన్‌లో పేరు సరిచేయించి, పాస్‌పోర్టు నంబరు కలిపించాను. నా వెనక లైన్లో ఉన్న పెద్దమనిషిని పక్కన నిలబెట్టారు. అల్లుడూ, నీ పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టు, పాన్ ఒక్కచోట పెట్టి అక్షరం అక్షరం చదువు. తేడా ఉంటే ఇప్పుడే, ఏ గొడవా లేని రోజుల్లోనే దిద్దించు. పాస్‌పోర్టుకు ఆరు నెలల కంటే తక్కువ గడువుంటే రెన్యువల్ చేయించుకో. దుబాయ్‌కు ఎప్పుడైనా విజిట్ వీసా మీద పోవాల్సి వస్తే ఇంకోటి గుర్తుంచుకో: పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే 2022 నవంబర్ నుంచి అక్కడ రానివ్వడం లేదు.

టెస్టుల సంగతి కూడా చెప్తా. అప్పట్లో 72 గంటల లోపు ఆర్‌టీపీసీఆర్ అడిగేవాళ్ళు. ఆ గంటలు శాంపిల్ ఇచ్చినప్పటి నుంచి లెక్క, రిపోర్టు చేతికొచ్చినప్పటి నుంచి కాదు. నాతో పోయిన జగిత్యాల పిల్లగాడు అతి జాగ్రత్తతో మూడు రోజుల ముందే ఇచ్చాడు. విమానం తొమ్మిది గంటలు ఆలస్యమైంది, రిపోర్టు గడువు దాటింది. అతని బ్యాగులు మళ్ళీ బెల్టు మీంచి వెనక్కి రావడం నేను కళ్ళారా చూశాను. నీలం తాడు కట్టిన అట్టపెట్టె, మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో పేరు. అతను పెట్టెను లేపలేదు, దాని మీదే కూలబడిపోయాడు. కాబట్టి ఎన్ని గంటల గడువన్నా సరే, ఆ గడువు మధ్యలో శాంపిల్ ఇవ్వు. రిపోర్టు మీద తేదీతో పాటు గంట కూడా పడిందా చూడు. క్యూఆర్ కోడ్ ఉన్నది అడుగు. ఫోన్లో ఒకటి, కాగితం మీద రెండు పెట్టుకో, ఛార్జింగ్ అయిపోతే కౌంటర్లో ఎవడూ కనికరించడు.

శంషాబాద్ పోయే దారి నీకు కొత్త కాదు. కరీంనగర్, సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే సిటీలోకి దిగే పని లేదు. లాక్‌డౌన్ ఉంటే మాత్రం టికెట్ ప్రింటు డ్రైవర్ ముందు అద్దం దగ్గరే పెట్టించు. 2021 మేలో ఇక్కడ పొద్దున 6 నుంచి 10 దాకే సడలింపు ఉండేది, అప్పుడు చెక్‌పోస్టుల్లో టికెట్ చూపిస్తే వదిలేవాళ్ళు. టికెట్ ఏజెంటు ద్వారా కాకుండా నీ పేరు మీద నువ్వే కొను. విమానం రద్దయితే డబ్బు కొన్న ఖాతాకే పోతుంది, ఏజెంటు ఖాతాకు పోయిన డబ్బు వెంట నేను ఆరు నెలలు తిరిగాను.

ఇక ఒంటి సంగతి. ఇది కొంచెం పెద్దగా చెప్పాలి, నీకు 34కే షుగర్ వచ్చింది కాబట్టి.

మందులు మూడు నెలలకు సరిపడా తీసుకుపో. చీటీ మీద కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించుకో. నువ్వు వాడే బ్రాండ్ అక్కడ దొరక్కపోవచ్చు, మెట్‌ఫార్మిన్ 500 అంటే ఎక్కడైనా అర్థమవుతుంది. గోలీలు స్ట్రిప్పుల్లోనే ఉండనివ్వు, డబ్బాలో కలిపి పోయొద్దు. నొప్పులకు ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్ పట్టుకుపోకు, గల్ఫ్‌లో వాటికి జైలుంది. ఇంకోటి, మీ అమ్మ నీకు మటన్ మసాలా పొడి కడుతుంది. అందులో గసగసాలు ఉంటాయి. మనకు మసాలా, వాళ్ళకు మత్తుమందు. గసగసాల పొట్లానికి జైలుకు పోయినవాళ్ళున్నారు, నవ్వకు.

అక్కడ చేరిన మొదటి వారంలోనే ఇన్సూరెన్స్ పని చేస్తుందా చూడు. సౌదీలో కంపెనీనే చేయించాలి, అది చట్టం. కానీ చేయించడం వేరు, నీ ఇకామా నంబరు చెబితే క్లినిక్‌లో తెరుచుకోవడం వేరు. జ్వరం రాకముందే ఒకసారి పళ్ళు చూపించుకునే నెపంతో వెళ్ళిరా. ఏ ఆసుపత్రులు లిస్టులో ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది. 937 ఆరోగ్య శాఖ నంబరు, 997 అంబులెన్స్. ఫోన్లో కాదు, గది తలుపు వెనక రాసి అంటించు.

2020 వేసవిలో మా గదిలో ఎనిమిది మందిమి. బాత్రూము ఒకటే. ఆ ఎనిమిది మందిలో ఒకడు ఖల్లివెల్లి, ఖఫీల్ (పని ఇచ్చిన యజమాని) దగ్గర్నుంచి పారిపోయి వచ్చి మాతో ఉన్నాడు. అతనికి జ్వరం వచ్చింది, ఐదు రోజులు దుప్పటి కప్పుకుని ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి పోతే పట్టుకుని పంపించేస్తారని భయం. ఇకామా లేనివాళ్ళకు కూడా కరోనా వైద్యం ఉచితమని మార్చి చివర్లోనే రాజు ఆదేశమిచ్చాడు, కానీ ఆ మాట అతని దాకా రాలేదు, మాకూ గట్టిగా తెలియదు. ఒకతను వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ తెచ్చాడు. పెట్టి చూస్తే 88. అతను మామూలుగానే మాట్లాడుతున్నాడు, చాయ్ కూడా తాగాడు. అదే ఆ రోగంతో మోసం. 997కు ఫోన్ చేసి పంపించాం, బతికి వచ్చాడు. ఆ మిషన్ ఒకటి కొనుక్కో. 94 కంటే తగ్గితే ఇక ఆలోచించొద్దు, ఎవరి సలహా అడగొద్దు, వెళ్ళిపో. వాట్సాప్‌లో వచ్చే మందుల చీటీలు చూసి స్టెరాయిడ్లు మింగకు. 2021లో మనవాళ్ళు ఎంతమంది అట్లా మింగి షుగర్ పెంచుకుని, బ్లాక్ ఫంగస్‌తో కళ్ళు పోగొట్టుకున్నారో చూశాం కదా.

చెప్పడానికి మనసొప్పని మాట ఒకటుంది. ఆ రోజుల్లో అక్కడ కరోనాతో పోయిన మనవాళ్ళను చాలామందిని ఇంటికి పంపలేదు, అక్కడే మట్టి చేశారు. ఇంటోళ్ళు ఎంబసీకి ఫోన్ చేస్తే అడిగేది పాస్‌పోర్టు నంబరు, ఇకామా నంబరు, కంపెనీ పేరు, క్యాంపు ఎక్కడ. వీటిలో ఒక్కటీ తెలియని భార్యలు, తల్లులు ఈ చుట్టుపక్కల ఎంతమందో. విదేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలన్నా, గల్ఫ్‌లో పోయినవాళ్ళ ఇంటికి మన తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల సాయానికి కలెక్టర్ ఆఫీసుకు పోవాలన్నా ఆ కాగితాలే కావాలి. పసుపు పచ్చ ఫైలు ఒకటి కొని అన్నిటి జిరాక్సులు పెట్టి అమ్మాయి చేతికివ్వు. నీ గదిలో ఉండేవాళ్ళలో ఇద్దరి నంబర్లు కూడా అందులో రాయి. ప్రవాసీ భారతీయ బీమా కట్టావు కదా, ఆ పాలసీ కూడా అందులోనే ఉండాలి. రెండేళ్ళకు 275 రూపాయలే, 10 లక్షలు వస్తాయి, కానీ అది ప్రమాదంలో పోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో. రోగంతో పోతే ఆ 10 లక్షలు రావు, ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచు, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగకుండా.

ఆదివారం మీ అమ్మను తీసుకుని ఇంటికి రా. ఆధార్, పాస్‌పోర్టు పట్టుకురా, పేర్లు కలిసి చూద్దాం. గసగసాల సంగతి మీ అమ్మకు నేనే చెప్తాను, నువ్వు చెబితే వినదు.

మీ మామ