తడి గోడకు పుట్టీ పెట్టించకండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు, చుట్టూ రొయ్యల చెరువులే. కొత్తగా డాబా కట్టుకుంటున్నాం. ప్లాస్టరింగ్ అయి మూడు వారాలైంది. కింది గదుల్లో మోకాలెత్తు వరకు చెమ్మ, దాని మీద తెల్లటి పొడి. బాత్రూమ్ వెనక గోడ మీద గోధుమరంగు మరక రోజురోజుకీ పెద్దదవుతోంది. మేడ మీద తలుపులు మూసి ఉంచిన గదిలో నల్ల చుక్కలు. కార్తీకంలో గృహప్రవేశం. పుట్టీ పెట్టేస్తే అన్నీ పోతాయని మేస్త్రీ అంటున్నాడు. టెన్షన్‌గా ఉందండి, ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పోవండీ, కొన్నాళ్లు కనపడవు, అంతే. వచ్చే వానాకాలానికి పుట్టీతో సహా పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తాయి. మీరు చెప్పినవి మూడూ వేరువేరు జబ్బులు, ఒకే మందు పనిచేయదు.

తెల్లపొడి ఉప్పు. ఇటుకలోనో, ఇసుకలోనో, ముఖ్యంగా మీ వైపు గోడ తడపడానికి కొట్టే బోరు నీళ్లలోనో ఉన్న ఉప్పు, గోడ ఆరేటప్పుడు నీటితో పాటు పైకొచ్చి పేరుకుంటుంది. పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, యాసిడ్ జోలికి అసలు పోవద్దు. రెండు మూడు సార్లు దులిపాక తగ్గుముఖం పడితే భయం లేదు. తగ్గకుండా అదే ఎత్తులో మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం నేలలోంచి చెమ్మ ఎక్కుతోందని అర్థం: డీపీసీ (నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే పొర) వేయలేదేమో, లేదా వేసినా బయట మెరక చేయడానికి పోసిన మట్టి డీపీసీని దాటి గోడకు ఆనుకుందేమో చూడండి. ఈ రెండోది నేను చాలా ఇళ్లలో చూశాను, ఆ మట్టి తీసేస్తే సగం గొడవ తీరిపోతుంది. డీపీసీయే లేకపోతే గోడకు వరసగా రంధ్రాలు వేసి మందు ఎక్కించాలి, ఖర్చే కానీ రంగులయ్యాక చేయించడం కంటే ఇప్పుడే నయం.

అన్నట్టు, ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మీ బోరు నీళ్లు ఒకసారి ల్యాబ్‌లో చూపించండి, మిగిలిన పనులకైనా పనికొస్తుంది.

నల్ల చుక్కలు బూజు. కిటికీలు తీసి గాలి ఆడనివ్వండి, అంతకంటే చెప్పడానికేం లేదు.

ఇక గోడ ఆరిందో లేదో తెలియాలంటే రెండడుగుల పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. లోపలివైపు నీటి చుక్కలు కడితే గోడ ఇంకా తడే. మామూలు రోజుల్లోనే ప్లాస్టరింగ్‌కి నాలుగు వారాలు ఆరాలి, ఈ వానల్లో ఇంకా ఎక్కువే పడుతుంది.

ముహూర్తం మార్చుకోమని అనను. లోపల సున్నం కొట్టించి పాలు పొంగించుకోండి, సున్నం గోడను ఆరనిస్తుంది. సంక్రాంతి దాటాక గోడ ఆరిందనుకుంటే ఆ సున్నం గీకించి అప్పుడు పుట్టీ, ప్రైమర్, రంగు.

బాత్రూమ్ మరక దగ్గర మాత్రం ఆగకండి, పెరుగుతోందంటే ఎక్కడో నీళ్లు కారుతున్నట్టే. టైల్స్ వేయకముందే పైపులకు పంపుతో ప్రెషర్ పెట్టించి గేజ్ ముల్లు దిగుతుందేమో మీరే నిలబడి చూడండి, అది తేలేదాకా ప్లంబర్‌కి ఆఖరి డబ్బులు ఇవ్వొద్దు.