విలేకరి దగ్గరికి వెళ్లే ముందు

చి.ల.సౌ. స్వాతికి బాబాయి ఆశీస్సులు.

మీ మామగారిని ఆరోగ్యశ్రీ కింద చేర్చుకుని కూడా ఆసుపత్రివాళ్లు విడిగా డబ్బు కట్టించుకున్న సంగతి పేపర్లో రావాలన్నావు. రావాల్సిందే. కానీ పరిశోధించి రాసే విలేకరికి నీ కోపం సరిపోదమ్మా, కాగితాలు కావాలి.

ముందు కేసు షీటు తెప్పించు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లోనే ఉంది. నోటిమాటగా అడిగితే తిప్పుతారు. అర్జీ రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకో. ఇలాంటి డబ్బుకు రసీదు ఉండదు కాబట్టి ఆ రోజుల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే చెల్లింపులు, చేబదులు తెచ్చిన వివరాలు తీసిపెట్టు. డబ్బు ఆసుపత్రి ఖాతాలో పడిందా, ఎవరైనా ఉద్యోగి సొంత నంబరుకు వెళ్లిందా చూడు. అది చాలా పెద్ద తేడా.

ఆ ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీని నడిపే ప్రభుత్వ ట్రస్టు ఆసుపత్రికి ఎంత చెల్లించిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. దరఖాస్తు మామగారి పేరు మీదే వెళ్లాలి. నువ్వు అడిగితే వ్యక్తిగత సమాచారమంటూ తిప్పికొడతారు. ప్రభుత్వం ఇచ్చిందెంత, మీరు కట్టిందెంత అని రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

తర్వాత ఒక్క పేజీలో తేదీలవారీగా రాయి. కళ్లారా చూసింది, ఎవరో చెప్పగా విన్నది, అనుమానం, మూడూ వేరువేరుగా ఉండాలి. మీకు ఎదురు తిరిగే విషయం ఉంటే అదే ముందు చెప్పు. 'ప్రత్యేక గదికి ఒప్పుకుంటున్నాం' అని ఎవరైనా సంతకం పెట్టారా? అచ్చు వేసేముందు విలేకరి ఆసుపత్రి వివరణ అడుగుతాడు. వాళ్లు ఆ కాగితం బయటికి తీస్తే వార్త అక్కడే ఆగిపోతుంది, నీ మీద నమ్మకమూ పోతుంది.

ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు. ఆడియో కత్తిరించకు, రికార్డు చేసిన ఫోన్ కూడా దాచు. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన తేదీ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపు.

పేరు వేయాలా వద్దా అన్నది నోరు విప్పకముందే తేల్చుకో. అంతా చెప్పేశాక 'ఇది రాయకండి' అంటే ఆయన వినాలని లేదు. పేరు లేకపోయినా ఆపరేషన్, తేదీ చూసి ఆసుపత్రివాళ్లు మిమ్మల్ని పోల్చుకుంటారు. మామగారు ఇంకా అక్కడికే చెకప్‌కి వెళుతుంటే ముందు వేరే డాక్టర్ని చూసుకోండి.

విలేకరిని ఎంచుకునేటప్పుడు ఆరోగ్యశాఖ మీద పత్రాలు చూపించి రాసినవాళ్లెవరో పాత వార్తల్లో వెతుకు. డబ్బు మాటెత్తినవాడి దగ్గర్నుంచి మరు నిమిషం వచ్చేయ్. ఒకేసారి నలుగురికి ఇవ్వకు, ఫేస్‌బుక్‌లో ముందే పెట్టకు. అదే వార్డులో ఇలాగే కట్టిన ఇంకో రెండు కుటుంబాలు మాట్లాడతామంటే, వాళ్ల అనుమతితోనే, నంబర్లు ఇవ్వు. ఒక ఇంటి గొడవ అప్పుడే పదిమందికీ సంబంధించిన వార్త అవుతుంది.

మొదటి మెసేజ్ ఐదు వాక్యాలు దాటనివ్వకు. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయంగా ఉండే ఆరోగ్యమిత్రకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారా అని ఆయన తప్పక అడుగుతాడు. ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకునే వెళ్లు.

మీ బాబాయి