‘నల్గొండ’ అని ఒక్క మాట కొట్టి ఊరుకోకు

అమ్మడూ,

ఫ్లోరోసిస్ మీద, అదే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు మీద థీసిస్ తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. మన జిల్లా నీళ్ల గోడు మన పిల్లే రాస్తుందంటే సంతోషం కాదూ! కానీ వైద్య వ్యాసాలు వెతికే ఆ పబ్‌మెడ్ సైట్ గురించి ‘పబ్‌మెడ్‌లో వెతికా, పెద్దగా ఏం లేవు’ అన్నావట. అక్కడే నాకు గుబులు.

వెతికే మాటల మధ్య పెట్టే అండ్ (రెండూ ఉండాలి), ఆర్ (ఏదో ఒకటి ఉంటే చాలు), నాట్‌ (ఇది ఉంటే వద్దు) ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరాల్లో కొట్టు. ఆర్‌తో కలిపినవన్నీ బ్రాకెట్లో పెట్టు, లేకపోతే ఎడమ నుంచి కుడికి లెక్క కట్టుకుపోతుంది. ఇవి నీకు తెలిసినవే.

దెబ్బ తగిలేది ఊరి పేర్ల దగ్గర. ‘తెలంగాణ’ అని కొడితే 2014 జూన్‌కి ముందువి చాలా జారిపోతాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. సూర్యాపేట, యాదాద్రి జిల్లాలు 2016 దాకా నల్గొండలోవే. ఇంకా వెనక్కి పోతే, 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వచ్చిన ఫ్లోరోసిస్ వ్యాసం శీర్షికలో ఉన్నది నెల్లూరు జిల్లా. దర్శి, పొదిలి అప్పుడు అందులోవే మరి. పళ్ల మచ్చల్ని ఆ రోజుల్లో ‘మాటిల్డ్ ఎనామెల్’ అనేవాళ్లు. పాత రికార్డుల్లో చాలావాటికి సారాంశం ఉండదు, శీర్షికే దిక్కు. అందుకని పాత పేర్లు, కొత్త పేర్లు అన్నీ ఆర్‌తో కలుపు.

‘హైదరాబాద్’ అని ఉత్తినే కొట్టావో, సింధ్‌లోని హైదరాబాదూ వచ్చి పడుతుంది, రచయితల చిరునామాలూ పట్టుబడతాయి. పేరు వెనక చదరపు బ్రాకెట్లలో ‘టి ఐ ఏ బి’ (tiab, అంటే శీర్షిక, సారాంశాల్లో వెతకమని) అని పెడితే చిరునామాల గొడవ వదులుతుంది. అంతేగానీ చిరాకుపడి ‘నాట్ పాకిస్థాన్’ అనబోకు తల్లీ! రెండు దేశాల నీళ్లనూ పోల్చిన మంచి వ్యాసం కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది.

మెష్ పదాల్లో, అంటే వ్యాసం దేని గురించో చెప్పేందుకు దానికి తగిలించే విషయం పేర్లలో, ‘ఫ్లోరోసిస్, డెంటల్’ పళ్ల వరకే. ఎముకల కోసం ‘ఫ్లోరైడ్ పాయిజనింగ్’ కూడా చేర్చు. కొత్త వ్యాసాలకు మెష్ ఇంకా పడి ఉండకపోవచ్చు, కాబట్టి మామూలు మాటలూ పక్కనే ఉండాలి. మాట చివర ఏ అక్షరాలున్నా పట్టుకునే నక్షత్రం గుర్తు (*) పెట్టినా, కోట్స్ పెట్టినా పబ్‌మెడ్ తనంతట తాను పర్యాయపదాలు వెతకడం మానేస్తుంది, అవి నువ్వే రాయాలి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఓ, యు తారుమారై ఫ్లోరోసిస్ కాస్తా ‘flour’, అంటే ‘పిండి’ రోగమైన శీర్షికలూ ఉంటాయి. నవ్వకు, ఆ తప్పు స్పెల్లింగ్ కూడా కొట్టి చూడు.

అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ పక్కన ‘డీటెయిల్స్’ తెరిస్తే నీ మాటల్ని అది ఎలా అర్థం చేసుకుందో కనిపిస్తుంది. నువ్వు కొట్టిన ఆ మాటల వరస, తేదీ, ఎన్ని వ్యాసాలు వచ్చాయో నోట్‌బుక్కులో రాసిపెట్టుకో.

ఆ 1937 వ్యాసం నీ జాబితాలో పడిందో లేదో చూసి ఫోన్ చెయ్యి. పడలేదంటే వల ఇంకా చిరిగే ఉన్నట్టు. అది కుట్టడం రేపు చూడొచ్చు, ముందు అన్నం తిని పడుకో.

మీ మామయ్య