పాత యెజ్దీ 250కి టైమింగ్ కట్టే ముందు

చిరంజీవి రఘుకు,

మామయ్య ఆశీస్సులు. బోరు, పిస్టన్ కొత్తవి వేయించినా బండి ఎత్తు ఎక్కేటప్పుడు లాగట్లేదనీ, సైలెన్సర్ మొదలు విపరీతంగా కాలుతోందనీ రాశావు. లక్షణం చూస్తే టైమింగ్, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పడే సమయం, వెనకబడిందనే అనిపిస్తుంది. అయినా టైమింగ్ జరిపే ప్లేటు స్క్రూలు అప్పుడే వదులు చేయకు.

ముందు కుడివైపు మూత తీసి డైనమోలో తిరిగే భాగాన్ని, అంటే ఆర్మేచర్‌ను, వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడు. అది ఇంజన్ ఇరుసైన క్రాంకు కొసనే ఉంటుంది. పాయింట్లంటే తెరుచుకోగానే నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు, వాటిని తెరిచే క్యామ్ ఆర్మేచర్ మీదే ఉంటుంది. ఏమాత్రం ఆట తగిలినా మెయిన్ బేరింగ్ అరిగినట్టే. ఇంజన్ తిరుగుతున్నప్పుడు క్యామ్ వణికి, ఒక్కో చుట్టుకు ఒక్కో గ్యాపు వస్తుంది. అలాంటి బండికి ఎంత జాగ్రత్తగా టైమింగ్ కట్టినా నిలవదు. ఆర్మేచర్ మీద, దాని చుట్టూ ఉండే పోల్ ముక్కల మీద రాసుకున్న మెరుపు గీతలు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. బయటికి రంగులు వేసి లోపల పాత బేరింగులే ఉంచిన బళ్లలో చాలా గొడవలకు మూలం ఇదే.

బేరింగ్ బాగుంటే పాయింట్లు చూడు. ముఖాల మీద గుంట, ఎదురుగా బుడిపె ఉంటే పాయింట్లూ, వాటి మధ్య మెరుపును అణిచే కండెన్సరూ కలిపి మార్చెయ్. తర్వాత క్యామ్ పాయింట్లను పూర్తిగా తెరిచిన చోట ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు)తో గ్యాపు 0.4 మి.మీ. పెట్టు. గ్యాపు ఎప్పుడూ ముందు, టైమింగ్ తర్వాత. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, తగ్గితే ఆలస్యంగా తెరుచుకుంటాయి. టైమింగ్ కట్టాక గ్యాపు ముట్టుకున్నావంటే చేసిన పనంతా వృథా.

ఇప్పుడు ప్లగ్ తీసి ఆ రంధ్రంలో పిస్టన్ కదలికను మి.మీ.లలో చూపే డయల్ గేజ్ బిగించు. సూది ఎక్కడ ఆగి వెనక్కి మళ్లుతుందో అదే టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు, అక్కడ సున్నా పెట్టు. కుడివైపు నుంచి చూస్తే ఇంజన్ గడియారం ముల్లులా తిరుగుతుంది. గేజ్ ఒక ఆరు మి.మీ. చూపేదాకా దాన్ని వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెస్తూ టీడీసీకి ఇంకా 3 మి.మీ. ఉండగా ఆపు. నీ మోడల్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించు. గేజ్ కడ్డీ సిలిండర్‌కు సమాంతరంగా లేకుండా ఏటవాలుగా దిగితే రీడింగ్ తప్పుతుంది. అప్పుడు క్రాంకు ఎంత తిరిగిందో చూపే డిగ్రీల చక్రం వాడు, 3 మి.మీ. అంటే సుమారు 20 డిగ్రీలు.

పాయింట్లు తెరుచుకున్న క్షణం కంటికి తెలియదు. పాయింట్ల వైరుకూ బాడీకీ మధ్య చిన్న 6 వోల్టుల బల్బు కట్టి బండి తాళం ఆన్ చేయి. పాయింట్లు మూసుకుని ఉంటే బల్బు ఆరి ఉంటుంది, విడిపోగానే వెలుగుతుంది. 3 మి.మీ. దగ్గర వెలగాలి. ముందే వెలిగితే ప్లేటును క్యామ్ తిరిగే వైపుకు జరుపు. ఆలస్యమైతే ఎదురు దిశలో జరుపు. వెంట్రుకవాసి చాలు. స్క్రూలు బిగించాక మళ్లీ చూడు, బిగింపులో ప్లేటు కదులుతుంది. పని అయ్యాక తాళం ఆఫ్ చేయి, లేకపోతే కాయిల్ వేడెక్కి చెడిపోతుంది.

సరిపోలేదనిపిస్తే టైమింగ్‌ను ముందుకు జరుపుతూ పోకు. కిక్ వెనక్కి తన్నడం, ఎత్తులో టకటక శబ్దం వచ్చాయంటే టైమింగ్ మరీ ముందుకు పోయిందన్నమాట. అలాగే నడిపితే పిస్టన్ నెత్తి కరిగి చిల్లు పడుతుంది. టైమింగ్ సరిగ్గా ఉండి కూడా యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ స్పీడు దిగకపోతే అది క్రాంకు ఆయిల్ సీలు గాలి పీల్చడం. దాన్ని టైమింగ్‌తో సరిచేయలేవు.

క్యామ్‌ను తుడిచే ఫెల్ట్ ముక్కకు రెండు చుక్కల ఆయిల్ వేయి. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది, ఎండిపోతే క్యామ్‌కు రాసుకునే పాయింటు మడమ అరిగి గ్యాపు తగ్గిపోతుంది. కొత్త పాయింట్ల మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది కాబట్టి 500 కిలోమీటర్లకు గ్యాపు, ఆపై టైమింగ్, అదే వరసలో మళ్లీ చూసుకో.

మీ మామయ్య