నాయనకు తెలియకుండా పిల్లిని వదిలేయొచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 43 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. మూడేళ్ల కిందట అమ్మ పోయింది. పాకాల దగ్గర పల్లెలో ఒంటరిగా మిగిలిన నాయనను మా ఫ్లాటుకు తెచ్చుకున్నాం. ఆయనకు 74 ఏళ్లు. అక్కడున్న రెండు ఆవులను నేనే బేరం మాట్లాడి అమ్మించాను. ఆయన ఒక్క మాటా అనలేదు. ఆరు నెలల కిందట మెట్ల కింద దొరికిన పిల్లిపిల్లను తెచ్చి పెంచుకుంటున్నాడు. దారానికి శెనక్కాయ కట్టి రోజూ దాంతో ఆటే. మాతో మాటల్లేవు, దాన్ని చూస్తే మాత్రం నవ్వుతాడు. పోయిన వారం అది మా ఏడేళ్ల అబ్బాయిని రక్కింది. నా భార్యకు అది ఇంట్లో ఉండటం ఇష్టం లేదు. ఆయనకు తెలియకుండా కరకంబాడి వైపు వదిలేసి వచ్చి, ఎటో పోయిందని చెప్పొచ్చా?

జవాబు: చెప్పకూడదు. వదలకూడదు కూడా. నోరులేని జీవాన్ని అలా ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మీరడిగినదానికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

పిల్లవాడి సంగతి మాత్రం ఆగేది కాదు. రక్కిన వెంటనే సబ్బుతో 15 నిమిషాలు పారే నీళ్ల కింద కడగాలి. కడిగినా కడగకపోయినా, వారం దాటినా సరే, ఈ రోజే రుయా ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. గోటి గాటే కదా అని ఊరుకోకండి, రేబిస్ టీకా కావాలో వద్దో డాక్టరు చెప్పాలి. పిల్లికి టీకాలు వేయించడానికి ఊళ్లోనే పశువైద్య కళాశాల ఉంది, 1955 నుంచి.

ఇక మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట 'ఆయనకు తెలియకుండా'. చదివి కోపం వచ్చింది, దాచను. 74 ఏళ్ల మనిషి సాయంత్రం పూట పిల్లిని పిలుస్తూ మెట్లన్నీ ఎక్కి దిగుతుంటే, పార్కింగులో కార్ల కింద వంగి వంగి వెతుకుతుంటే, మీరు పైన కూర్చుని టీవీ చూడగలరా?

ఆవుల గురించి ఒకే వాక్యం రాసి, 'ఒక్క మాటా అనలేదు' అని ముగించారు, ఆయన ఒప్పుకున్నట్టు. భార్య పోయి, ఇక కొడుకు ఇంట్లోనే బతకాలని తెలిసిన మనిషి ఏమంటాడు? పొద్దున్నే పాలు పితికి, శెనక్కట్టె మేత వేసి, ఈనే రోజున రాత్రంతా కొట్టంలోనే పడుకున్న చేతులవి. వాటిని ఎవరు తోలుకుపోయారో, ఆ రోజు ఆయన ఎక్కడ నిలబడ్డాడో మీకు గుర్తుందా? అప్పుడు ఆయన మీతో మాట్లాడటం ఆపేశాడు. పిల్లి మొన్న వచ్చింది.

ఆ ఆటను చిన్నచూపు చూడకండి. టైల్స్ మీద శెనక్కాయను ఈడుస్తుంటే లోపల గింజలు గలగలమంటాయి. పిల్లి చెవులు ముందుకు నిక్కుతాయి. నేలకు కరుచుకుని, నడుము అటూ ఇటూ ఊపి, ఒక్క దూకు దూకుతుంది. దానికది వేట. ఆడించేవాడు తొందరపడితే చెడుతుంది. కాయను మూలకు లాగి ఆపాలి, మళ్లీ కాస్త కదపాలి, చివరకు దాన్ని దొరకనివ్వాలి. ఎప్పటికీ దొరక్కపోతే దానికి చిరాకెత్తుతుంది. మీ నాయనకు ఆ ఓపిక ఉంది. మీ అబ్బాయి వట్టి చెయ్యే దాని మొహం ముందు ఆడించి ఉంటాడు. చేతినే ఆటబొమ్మ చేస్తే గోరు చేతికే తగులుతుంది. వాణ్ణి తాత పక్కన కూర్చోబెట్టి, దారం ఎలా లాగాలో నేర్పమనండి. పొద్దున ఓ పది నిమిషాలు, పొద్దుగూకే వేళ ఓ పది నిమిషాలు. ఆట అయ్యాక దారం ఎత్తి దాచాలి, మింగితే పేగుల్లో ఇరుక్కుని దాని ప్రాణం మీదికొస్తుంది.

మీ ఆవిడ అభ్యంతరం న్యాయమైనదే. వెంట్రుకలు ఊడ్చేది ఆమే. కాబట్టి ఆ ఊడ్పూ, పిల్లి మలం శుభ్రం చేసే పనీ మీరు తీసుకోండి. వంటింటి తలుపు వేసి ఉంచండి. అంతేగానీ తండ్రితో చెప్పలేని మాటను భార్య పేరు మీద చెప్పకండి. మన ఇళ్లలో కొడుకులు చేసే ఈ పని నాకు అసలు గిట్టదు. చివరకు మాట పడేది కోడలు.

ఈ ఆదివారం ఫోను లోపల పెట్టి, ఆయన ఆడిస్తున్నప్పుడు వెళ్లి కింద కూర్చోండి. 'నాయనా, ఆవులను నిన్నడక్కుండా అమ్మేశాను, తప్పు చేశాను' అనండి. దాని వెనకాల 'నీ మంచికే' అని తగిలించొద్దు. ఆయన తిట్టొచ్చు, లేచి వెళ్లిపోవచ్చు, ఏమీ అనకుండా దారం లాగుతూనే ఉండొచ్చు. మీరు మాత్రం లేవకండి. ఉత్తరంలో ఆ ఆవుల పేర్లు రాయలేదు, ఈ పిల్లి పేరూ రాయలేదు. మీకు తెలియకపోతే ముందు అవే అడగండి.